ఏ చేత్తో రాశావు?

"ఈ రెండు ఉత్తరాలూ ఒకే చేతిరాత. అవునా, కాదా?"

కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, రెండు కాగితాల్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, గెలిచినవాడిలా డాక్టర్ వైపు చూశాడు. ఎదురుగా ఉన్న హయాత్ బాషా కుర్చీలో ముందుకు జరిగాడు.

ఫుజైరా క్వారీలో క్రషర్ బెల్టు కింద అతని కుడిచెయ్యి నలిగి పది నెలలైంది. వేళ్లు ముడుచుకోవు. చెయ్యి బాగైపోయింది, నటిస్తున్నాడు అంది కంపెనీ. బాషా నష్టపరిహారం కోసం కోర్టుకెక్కాడు. నిజం తేల్చమని కోర్టు డాక్టర్ల కమిటీకి పంపింది. కమిటీ తరఫున ఇవాళ ఈ డాక్టర్ విచారిస్తున్నాడు.

అంతా సవ్యంగానే సాగేది, అతని భార్య ఫాతిమాబీ, అతను తనకు పంపిన ఆ ఉత్తరాలు తియ్యకపోతే. ఫుజైరాలోనే ఒక అరబ్బు ఇంట్లో వంటపని ఆమెది; గడప దాటనివ్వరు, ఫోను ఉండనివ్వరు, మొగుడూ పెళ్లాల మధ్య ఉత్తరాలే. వీసా ఇచ్చిన ఆ ఇంటి యజమాని కఫీల్‌ని బతిమాలి ఒక పూట సెలవు తీసుకుని వచ్చింది. "మా ఆయన ఎంత నరకం పడినాడో అంతా ఇందులో ఉంది సార్" అంటూ కట్టంతా డాక్టర్ ముందు పెట్టింది. అందులోంచే ముదీర్ రెండు లాగాడు.

"ఇది జనవరిది. ఇది నవంబరుది. చెయ్యి నలిగింది ఏప్రిల్‌లో. రెండింట్లోనూ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి! వేళ్లు వంగనివాడు పెన్ను ఎట్లా పట్టాడు? ఖలాస్ డాక్టర్, కేసు మూసెయ్యండి."

డాక్టర్ ఇంగ్లీషులో ఏదో అడిగాడు. తెలుగులో చెప్పడానికి బర్ దుబాయ్ నుంచి సాయం వచ్చిన ఆఫీసు ఉద్యోగి ఆదిశేషు, బాషా చెవి దగ్గరికి వంగాడు.

"ఏ చేత్తో రాశావని అడుగుతున్నారు. ఎడం చేత్తోనని చెప్పెయ్యవయ్యా."

"ఏదీ, రాసి చూపించు అంటే?"

ఆదిశేషు గతుక్కుమన్నాడు.

బాషా భార్య వైపు చూశాడు. ఫాతిమా మొహం పాలిపోయి ఉంది. నేనే చెడగొట్టినానా అని కళ్లతోనే అడుగుతోంది.

నిజం చెబితే కేసు నిలుస్తుంది. కానీ ఆ నిజం ఈమె ముందా? పదో తరగతి పాసయ్యానని చెప్పి నిఖా చేసుకున్నాడు. ఆమె కూడా పది దాకా చదివిన పిల్లేనన్నారు. పెళ్లయిన ఇరవై రోజులకే అతను విమానమెక్కాడు, తర్వాత ఆమె ఇక్కడికి వచ్చినా ఉత్తరాలే కాబట్టి గుట్టు దాగింది. ఇప్పుడు బయటపడితే తన మొహం ఇక చూస్తుందా?

చెప్పకపోతే? ఆమె ఇంకా ఎన్నేళ్లు ఆ వంటింట్లో మగ్గాలి?

"అవి నేను రాయలేదు సార్" అన్నాడు బాషా.

"మరి?"

"మా రూములో ఉండే ఖాదర్ హుస్సేన్ రాసినాడు. నేను చెప్తాంటే వాడు రాసేటోడు. ముందూ వాడే, తర్వాతా వాడే. నాకు చదువు రాదు. ఏ చేత్తోనూ రాయలేను."

ఆ మాట ఇంగ్లీషులోకి మారేసరికి ముదీర్ పకపకా నవ్వాడు. "భలే కథ! ఇప్పుడే పుట్టింది."

డాక్టర్ నవ్వలేదు. కంపెనీ ఫైలే ముందుకు లాక్కుని పేజీలు తిరగేశాడు. ఉద్యోగపు ఒప్పందం దగ్గర ఆగి, దాన్ని ముదీర్ వైపు తిప్పాడు. బాషా సంతకం చెయ్యాల్సిన చోట నీలం రంగు వేలిముద్ర. దాని పక్కనే ముదీర్ సంతకం.

నవ్వు ఆగిపోయింది. డాక్టర్ పెన్ను తీసి రెండు వాక్యాలు రాశాడు.

"శాశ్వత వైకల్యం! అలా అనే రాశారయ్యా, గెలిచావు!" ఆదిశేషు అతని భుజం గట్టిగా తట్టాడు.

బాషా తల ఎత్తలేదు. ఫాతిమా లేచి వచ్చి పక్కన కూర్చుంది.

"నీకాడ అబద్ధమాడినా మే" అన్నాడు, నేలకేసి చూస్తూ. "నన్ను మన్నించు."

ఆమె ఆ వంగని వేళ్లను తన ఒళ్లోకి తీసుకుని, రెండు చేతుల మధ్యా దాచుకుంది. తర్వాత ఆదిశేషు వైపు తిరిగింది.

"అన్నా, ఆ జాబులు మాకు తిరిగి ఇప్పించన్నా. మొన్న వచ్చినదాన్ని పక్కింట్లో పనిచేసే కుబ్రా అక్క నాకు ఇంకా చదివి వినిపించనే లేదు."