ఫాతిమున్నీసా, పద్నాలుగేళ్లు, పుంగనూరు

బొమ్మను ఎండలో ఆరబెట్టి, నిజాముద్దీన్ వీధి తలుపుకు గడియ వేసి వచ్చాడు. ఎవరైనా చూస్తే పరువు పోతుంది. కూతురి పేరుతో పిల్లల పత్రికకు బొమ్మలు పంపే తండ్రి పుంగనూరులో ఆయనొక్కడే కాకపోవచ్చు. అయినా దొంగతనం దొంగతనమే.

రేకు పెట్టెల మీద పూలు వేయడం ఆయన వృత్తి. పెళ్లికూతురి వెంట అత్తగారింటికి పోయే పెట్టె మీద గులాబీలు, చిలకలు. ఎనామిల్ రంగుతో పావుగంటలో ఒక గులాబీ లాగేస్తాడు. పత్రికకు పంపే బొమ్మకు మాత్రం వారం పట్టేది. అందంగా వేయడం ఆయనకు ఒక లెక్క కాదు. పిల్ల వేసినట్టు వేయడంలోనే ప్రాణం పోయేది.

ముందు నీళ్లరంగు పలచగా పూయాలి. అది బాగా ఆరాక స్కెచ్ పెన్నుతో అంచులు గీయాలి. తొందరపడితే ఇంకు పాకిపోతుంది. 1976లో మొదటి బొమ్మకు కావాలనే తడి మీద గీశాడు. మేకకు కాళ్లెన్నో ఎవరికీ అర్థం కాలేదు. కింద ‘ఫాతిమున్నీసా, ఆరేళ్లు, పుంగనూరు’ అని రాసి పంపాడు. అచ్చయింది. ఆ పుటను భార్య కమరున్నీసా ఎన్నిసార్లు తెరిచి చూసిందో చెప్పలేం.

అప్పటినుంచి ఏటా ఒక బొమ్మ.

స్కెచ్ పెన్నులు కుప్పం స్టేషన్ ఎదుట అంగడిలో కొన్నవి. బెంగుళూరు సరుకు. ఇంకు ఆరిపోతే వెనక బిరడా తీసి రెండు చుక్కల నీళ్లు పోసి మళ్లీ గీసేవాడు. ఏ వయసు పిల్లలు ఎలా గీస్తారో తెలుసుకోవడానికి బడి వదిలే వేళకు పోయి, పలకల్లోకి తొంగి చూసి వచ్చేవాడు. అయినా ఎక్కడో ఒకచోట ఆయన పనితనం బయటపడేది. కమరున్నీసా ఊరుకునేది కాదు.

“అజీ, తొమ్మిదేళ్ల పిల్ల బొమ్మకు వేళ్లు ఇంత బాగా ఏస్తుందా? సరిగ్గా సూడు.”

“బాగుండాది గదా?”

“అదే తప్పు. ఇంకోటి ఏయి.”

మళ్లీ కొత్త కాగితం. పదేళ్లప్పుడు రంగు గీత దాటకుండా నింపాడు. పన్నెండేళ్లప్పుడు ఆకుల చివర చమ్కీ అంటించాడు. నిరుడు, పదమూడేళ్లకు, ఒక గులాబీ వేశాడు.

ఆ ఇంటికి వచ్చేపోయే వాళ్లు తక్కువ. పండగ రోజు కూడా గుమ్మం ముందు నాలుగు జతల చెప్పులు కనబడవు. సాయంత్రాలు ఎంతకీ తరగవు. ఏడాదిలో ఆ ఒక్క వారమే ఇంట్లో మాటలు వినబడేవి. పచ్చ ఎక్కువైందని ఆమె, కాలేదని ఈయన. ఆ పోట్లాట కోసమే ఇద్దరూ మిగతా ఏడాదంతా ఎదురుచూసేవాళ్లు.

ఇప్పుడు 1984. పద్నాలుగేళ్లు దాటిన పిల్లల బొమ్మలు పత్రికవాళ్లు వేయరు. ఇదే ఆఖరుది. వచ్చే ఏడు ఏం చేయాలో ఇద్దరికీ దిక్కుతోచడం లేదు.

తలుపు చప్పుడైంది.

తీస్తే ఒక కొత్త మనిషి. చంకలో సంచి, చేతిలో నిరుటి పత్రిక.

“పెట్టెల నిజాముద్దీన్ భాయ్ ఇల్లు ఇదేనా? నా పేరు వెంకటముని. మదనపల్లెలో డ్రాయింగు మాస్టర్ని. కుప్పం పోతా, మీ పాప కోసరం ఈడ దిగినా.”

కమరున్నీసా పరదా వెనక్కి తప్పుకుంది. నిజాముద్దీన్ చేతిలో కుంచె అలాగే ఉంది. దాన్ని వీపు వెనక దాచుకుని కుర్చీ వేశాడు.

“ఆదివారం ఆదివారం పిల్లకాయలకు బొమ్మలు నేర్పిస్తాండాను,” అన్నాడు మాస్టరు. “పద్దెనిమిదేళ్ల దాకా రావచ్చు. ఏడాదికొకతూరి అందరి బొమ్మలూ గోడకు పెట్టి ఊరికి సూపిస్తాం. మీ పాపను పంపించండి.”

పద్దెనిమిది. అంటే ఇంకా నాలుగేళ్లు! నిజాముద్దీన్ ఆశగా పరదా వైపు చూశాడు.

“ఆడపిల్ల గదా సార్, అంత దూరం యాడ పంపేది? బొమ్మలు నేను తెచ్చిస్తా.”

“అట్ల కుదర్దు భాయ్. పాప నా ఎదురుగా కూర్చోని ఏయల్ల.”

నాలుగేళ్లూ చేతికి వచ్చినట్టే వచ్చి జారిపోయాయి. నిజాముద్దీన్ కుంచెను ముందుకు తెచ్చి నేల మీద పెట్టాడు.

“సార్, ఆ బొమ్మలు పాప ఏసినవి కాదు. అన్నీ నేనే ఏసినా. తప్పయిపోయింది.”

మాస్టరు పకపకా నవ్వాడు.

“అది నాకు ముందే తెలిసిపాయ. ఈ గులాబీనే ఇందాక బజారులో పెట్టె మీద సూసినా. ఎవురేసినారని అడిగితే నీ ఇల్లు సూపించినారు. బిడ్డల పేరు మీద బొమ్మలేసే నాయన్లు నాకేం కొత్త కాదులే. అయినా ఇన్నేళ్లు నీ పక్కన కూర్చోని సూసిన పిల్లకు కొంచెమన్నా చెయ్యి తిరిగుంటుంది. అది సాలు నాకు. యాడుండాది పాప?”

దొంగతనం బయటపడింది. మాస్టరు నవ్వి వదిలేశాడు కూడా. అయినా నిజాముద్దీన్ తల ఎత్తలేకపోయాడు.

మాస్టరు లోపలి వైపు తిరిగి తనే పిలిచాడు.

“అమ్మా ఫాతిమున్నీసా, యాల సిగ్గు? ఇట్ల రా తల్లీ.”

పరదా కదిలింది. ఎవరూ బయటికి రాలేదు. కమరున్నీసా గొంతు మాత్రం వినబడింది.

“మూడో ఏడు నిండకనే పాపను మట్టిలో పెట్టినాం సార్, ఆ తర్వాత ఈయనే కాగితం మీద ఏడాదికొక ఏడు పెంచుకుంటా వచ్చినాడు.”