తండ్రి పోలిక

2007లో హైదరాబాద్ శిక్షణకు వెళ్లొచ్చినప్పటి నుంచి హెడ్మాస్టరు తిరుపతయ్య బెత్తం పట్టడం మానేశారు. పిల్లల ఆగడాలకు మూలం ఇంట్లోనే ఉంటుందని, దాన్ని తల్లిదండ్రులను కూర్చోబెట్టి రాబట్టాలని అక్కడ చెప్పారు. పెబ్బేరులో ఆ విద్య తెలిసిన ఏకైక మేధావి ఇప్పుడు తానే.

తొలి అవకాశం ఏడో తరగతి సింధూజ ఇచ్చింది. లెక్కల సారు తల్లి పోయిందని చెప్పి తరగతినంతా ఇంటికి పంపేసింది. పరామర్శకు వెళ్లినవాళ్లకు ఆ తల్లే ఎదురొచ్చి మంచినీళ్లిచ్చింది.

"రేపు మీ నాయనను తోల్కొస్తేనే బడి. లేకుంటే టీసీ," అన్నారు తిరుపతయ్య.

మర్నాడు సింధూజ వెంట మాసయ్య వచ్చాడు. తలగుడ్డ తీసి చేత పట్టుకుని, కుర్చీ అంచున బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు.

"ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న ఈ బడి మొకం చూసినవా?"

"లేదు సారూ."

"పిల్ల ఎట్ల సదువుతుందో ఎరుకేనా?"

మాసయ్య పిల్ల వైపు చూశాడు. "తెల్వదు సారూ."

తిరుపతయ్య కళ్లు మెరిశాయి. కారణం అప్పుడే సగం దొరికింది.

"తాగుతవా?"

"జర... పొద్దూకినంక."

"పిల్లలతోని మాట్లాడుతవా?"

"ఏడ సారూ? నేనొస్తుంటేనే భయపడి మూలకు పోతరు." మాసయ్య తలగుడ్డతో కళ్లు ఒత్తుకున్నాడు.

"గదీ సంగతి! నీ భయానికే అబద్ధాలు నేర్చింది. ఆ ముక్కు చూడు, ఆ నిలబడే తీరు చూడు. అచ్చం నీ పోలికే. ఇగ బుద్ధులు ఎక్కడికి పోతయ్?"

సింధూజ అరచేయి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. పశ్చాత్తాపం కాబోలనుకుని తిరుపతయ్య కరిగిపోయారు.

మాసయ్య లేచి దండం పెట్టాడు. "గిట్ల నన్ను కూసోబెట్టి అడిగినోళ్లు లేరు సారూ. ఇయ్యాల్టి సంది పిల్లలతోని మంచిగుంట. ఒట్టు."

టీసీ మాట అక్కడితో రద్దయింది. దెబ్బ వేయకుండా ఒక కుటుంబాన్ని బాగుచేశానన్న మురిపెంతో తిరుపతయ్య కిటికీ దగ్గరకు వెళ్లి, ఆ తండ్రీకూతుళ్లను కళ్లారా చూసుకున్నారు.

గేటు బయట మాసయ్య ఆగి, సింధూజను అడగడం ఆయనకు స్పష్టంగా వినిపించింది: "సంతల ఎడ్లనిడిసిపెట్టి నీ ఎంట వచ్చిన, ఇగ నేను పోత గని, ఇంతకు మీ నాయన ఏ ఊరాయన బిడ్డా?"