దారికి అడ్డంగా స్తంభం

రెండిళ్ల ఉమ్మడి దారి నడుమ కొత్తగా పాతిన ఇనుప స్తంభం చూడగానే డ్రైవర్‌కి ఒళ్లు మండిపోయింది. ఇంట్లోకి కూడా వెళ్లకుండా, లారీలోంచి జాకీ రాడ్ లాక్కుని పక్కింటి వెల్డర్ మీదికి వెళ్లాడు.

“దారి నీ ఒక్కడి సొత్తా? మంచాన పడ్డ మా అమ్మకి ఏదన్నా అయితే అంబులెన్స్ ఎలా వస్తుందిరా?”

“నీ లారీ రోజూ నా గోడని గీకేస్తుంటే చూస్తూ ఊరుకోవాలా? చేతనైతే పీక్కో, పో!”

రాడ్ వెల్డర్ మోకాలి మీద పడింది. ఎముక పటుక్కుమంది. కూలబడుతూనే అతను చేతిలోని సుత్తి విసిరాడు. డ్రైవర్ పెదవి చీలి, పన్ను ఊడింది. నెత్తురు ఉమ్మేసి మళ్లీ కొట్టాడు, ఈసారి తల మీద.

ఎవరో ఫోన్ చేస్తే వచ్చిన అంబులెన్స్ స్తంభం దగ్గర ఆగిపోయింది.

అప్పటికి డ్రైవర్ కోపమంతా దిగిపోయింది. అదే రాడ్ పట్టుకుని స్తంభాన్ని బాదుతున్నాడు. అది కదలదే!

“బాదకు,” నేల మీంచి వెల్డర్ గొణిగాడు. “అడుగున బోల్టుంది. తిప్పితే ఊడొస్తుంది.”

“పానా ఎక్కడుంది? చెప్పన్నా!”

“పొద్దున్నే మీ అమ్మకిచ్చా.”