కొమ్ముల పిలుపు

టెక్సాస్ వేటగాళ్లందరికీ ఇందుమూలంగా తెలియజేయునదేమనగా, దుప్పికొమ్ములు రెండు తీసుకుని టకటకా కొట్టి మోగిస్తే పోట్లాటకు మగదుప్పులే కాదు, మూర్ఖులూ వస్తారు.

మా చెల్లెలి మొగుడు వెల్డన్‌నే చూడండి. నేను పొదలో దాక్కుని కొమ్ములు మోగిస్తుంటే, నిజంగా దుప్పులే కుమ్ముకుంటున్నాయనుకుని నాగజెముడు ముళ్లలో గంటసేపు బోర్లా పాకి వచ్చి, తుపాకీ ఎక్కుపెట్టాడు.

“కాల్చకు బావా! నేను!”

“మరి ఆ కొమ్ములేంటి?”

“చేతుల్లో ఉన్నాయి, నెత్తిన కాదు! కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా?”

అప్పటికే తుపాకీ మీటను వేలు సగం నొక్కేసింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా వెల్డన్ పక్కనే కూర్చుని నవ్వుతాడు, కాదనడు. ఒక్క ముక్క మాత్రం నా కల్పన. కొమ్ములు మోగించింది వెల్డన్. పాకింది నేను. మా చెల్లెలికి ఇప్పటికీ ఇద్దరమూ చెప్పలేదు.