పశువుల పాకలో మంత్రసాని

“బైబిల్లో మంత్రసాని లేదు పెద్దమ్మా!” పాస్టరుగారు నాలుగోసారి చెప్పారు.

“బొడ్డు కోసినట్టు కూడా రాయలేదు. అలాగని కోయకుండా వదిలేశారా?” పెద్దమ్మ కూడా నాలుగోసారే అడిగింది.

క్రిస్మస్ నాటకం రిహార్సల్ అక్కడే ఆగిపోయింది. మరియమ్మ వేషం వేసిన పదో తరగతి పిల్ల ప్లాస్టిక్ బొమ్మను కాలు పట్టుకుని వేలాడేసి, నవ్వు ఆపుకుంటోంది. యోసేపు తన గడ్డం ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. ఇది ఇప్పట్లో తేలే గొడవ కాదని ఇద్దరికీ తెలుసు.

పెద్దమ్మ అంటే ఎవరో ఒకరికి పెద్దమ్మ కాదు, అందరికీ. నలభై ఏళ్లు మంత్రసానిగా చేసింది. ఆ చర్చికి వచ్చేవాళ్లలో సగం మందిని మొట్టమొదట ఎత్తుకున్నది ఆవిడే.

“ఆస్పత్రి వచ్చాక నన్ను పిలిచిన గుమ్మం లేదు బాబూ,” అంది గొంతు తగ్గించి. “ఒక్కసారి, అందరూ చూస్తుండగా, ఈ చేతులకి పని ఇప్పించండి. మళ్లీ అడిగితే ఒట్టు.”

పాస్టరుగారి మనసు కరిగింది. “సరే, పాకలో ఓ పక్కన నిలబడండి. నోరు మాత్రం విప్పకూడదు. మాటలన్నీ దేవదూతవి.”

“విప్పను. కానీ ఈ బొమ్మ వద్దు. నిజం బిడ్డ కావాలి.”

“ఇదెక్కడి గోలండీ! ఏడిస్తే? స్టేజీ మీద తడిపితే?”

“దేవుడు మనిషయ్యాడని ఏటా చెప్పేది మీరే కదా? మనిషైతే ఏడవడా, తడపడా? దేవుడైతే మాత్రం, పుట్టిన రోజున మెడ నిలుస్తుందా? అయినా మీరేం తక్కువ తిన్నారా? పుట్టిన నిమిషంలోనే నా కొత్త చీర పాడుచేశారు!”

యోసేపు పగలబడి నవ్వాడు. మొహం ఎటు పెట్టుకోవాలో తెలియక పాస్టరుగారు ఒప్పేసుకున్నారు.

దర్జీ కూతురికి పదకొండు రోజుల బిడ్డ ఉంది. “మా బిడ్డ ఈ వేషానికి పనికొస్తుందా అండీ?” అని ఆ అమ్మాయి కాస్త సందేహించింది. “గుడ్డలో చుట్టేశాక ఏ బిడ్డైతేనేం అమ్మా,” అన్నారు పాస్టరుగారు.

నాటకం రోజు సాయంత్రం హాలు కిక్కిరిసిపోయింది. మరియమ్మ చేతుల్లోకి తీసుకుందో లేదో, బిడ్డ కెవ్వుమంది. మరియమ్మ బిక్కమొహం వేసింది. నిచ్చెన మీదున్న దేవదూత తన మాటలు మర్చిపోయాడు. లోపలికి తెచ్చెయ్యమని తెర పక్కనుంచి పాస్టరుగారు చేతులు ఊపారు.

పెద్దమ్మ అటు చూస్తేగా! నేల మీద చతికిలబడి, కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకుంది. మెడ కింద అరచెయ్యి ఆనించి తడిగుడ్డ విప్పింది, ఒళ్లు తుడిచింది, తన బొడ్లో దోపుకున్న పొడిగుడ్డ తీసి నాలుగు మడతల్లో చుట్టేసింది. ఏడుపు టక్కున ఆగింది.

ముందు వరసలో దర్జీ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటున్నాడు. ఎప్పుడో ఒకరోజు మూసిన తలుపు బయట గోళ్లు కొరుక్కుంటూ కూచున్నది గుర్తొచ్చింది అతనికి. అతని వెనకాల ఎంతమందికో అదే గుర్తొచ్చింది. తలుపు తెరుచుకోగానే ముందుగా కనిపించింది ఈ చేతులే. ఎంత మంచి రోజులవి!

పెద్దమ్మ మోకాలు పట్టుకుని లేచింది. ఎదురుగా అవే మొహాలు, అదే ఎదురుచూపు. నాటకం సంగతీ మర్చిపోయింది, పాస్టరుగారికిచ్చిన మాటా మర్చిపోయింది. బిడ్డను రెండు చేతులా పైకెత్తి, నలభై ఏళ్లు గుమ్మాల్లో నిలబడి అరిచినట్టే అరిచింది:

“తల్లీ బిడ్డా క్షేమం! తండ్రికి కబురు చెప్పండి, ఆడపిల్ల!”