మంచి పండ్లు ఎవరికి?

గడ్డిలో మాగేసిన నీలం మామిడి పండ్లు మళ్ళీ తగ్గాయి.

పంకజాక్షి గడ్డి పక్కకు తోసి చూసింది. మచ్చలున్నవి, ఒత్తుకుపోయినవి అట్లాగే ఉన్నాయి. పోయినవన్నీ ఏరి తీసిన మంచి పండ్లు. ఎలుకకు ఇంత తెలివి ఉండదు.

"తింటే తిన్నాడులే, వయసు పిల్లోడు" అన్నాడు మొగుడు దేవరాజులు ఫోన్లో. ఆయన మొన్నటి నుంచి బంగారుపాళ్యంలో గుజ్జు ఫ్యాక్టరీ ముందు, కాయల ట్రాక్టర్ల వరసలోనే కాపురం పెట్టాడు.

"తింటే టెంకలు యాడ?"

ముందున్న ట్రాక్టరు కదిలిందని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

కొడుకు లోకేష్ పదో తరగతి. బడులు తెరిచినప్పటి నుంచి వాడి వాలకం ఏమీ బాగాలేదు. సాయంత్రం కాగానే తల దువ్వుకుంటాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటాడు. సంచి భుజాన వేసుకుని సైకిలెక్కుతాడు.

"యాడికిరా?"

"మునిశేఖర్ వాళ్ళింటికి. క్రికెట్టు."

ఇస్త్రీ చొక్కాతో పోయి, మడత నలగకుండా తిరిగొచ్చే క్రికెట్టు ఏ దేశంలో ఆడతారో ఆమెకు తెలియదు.

దీనికి తోడు ఆ మార్కులొకటి. లెక్కలంటే వాడికి చిన్నప్పటి నుంచీ చలిజ్వరం. పోయిన ఏడాది ఆమె చేతి స్కేలు వాడి వీపు మీద విరిగింది. ఆ రోజు నుంచి తల్లీకొడుకుల మధ్య లెక్కల మాటే లేదు. అలాంటివాడికి మొన్న స్లిప్ టెస్టులో ఇరవైకి పదహారు వచ్చాయి. ఇంకో తల్లయితే వీధంతా చెప్పుకునేది. పంకజాక్షి పేపరు లాక్కుని మొదటి నుంచి చివరిదాకా చూసింది. ఎక్కడా తప్పు దొరకలేదు. అనుమానం ఇంకా పెరిగింది.

"ఎవర్ని సూసి రాసినావు?"

"నేనే రాసినానమ్మా."

"నువ్వా!"

వాడు తల దించుకుని లోపలికి పోయాడు.

అబద్ధం, దొంగతనం, ఇప్పుడు కాపీ. వీటన్నిటి వెనక ఒక ఆడపిల్ల లేకపోతే తన పేరు పంకజాక్షి కాదు. ఉన్నది ఒక్కడే కొడుకు. పదో తరగతిలో చెడితే ఇక వాణ్ణి దారికి తేవడం ఎవరి తరం? ఆ భయంతో ఆమెకు అన్నం సయించడం లేదు.

వెంటపడి చూద్దామంటే సరిగ్గా ఆ వేళకే చేతినిండా పని. గడప దాటడానికి ఉండదు. ఆ రోజు మాత్రం ఏమైతే అయిందని పనిని అట్లాగే వదిలేసి స్కూటీ తీసింది.

లోకేష్ సైకిలు హైవే దాటింది. మునిశేఖర్ వాళ్ళ వీధి వచ్చింది. అటు తిరగలేదు. ఊరి చివర ఇంకో గుజ్జు ఫ్యాక్టరీ వెనక సందులోకి తిరిగింది. సందంతా పులిసిన తొక్కల వాసన. ఒక రేకుల ఇంటి ముందు సైకిలు ఆపి, వాడు సంచిలోంచి పండ్లు తీశాడు. గుమ్మంలోకి ఒక అమ్మాయి వచ్చింది. పండ్లు అందుకుంది. నవ్వింది. ఇద్దరూ లోపలికి పోయారు. తలుపు దగ్గరగా పడింది.

పంకజాక్షి అనుకున్నంతా అయింది. స్కూటీ అక్కడే వదిలేసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి పోయి చెవి ఆనించింది.

"మళ్ళా చెప్పక్కా." లోకేష్ గొంతు.

"ఎన్నిసార్లైనా చెప్తా. తొందరేమొచ్చె? ఈ ఎక్స్ ఇటు పక్కకి వస్తే గుర్తు ఏమైతాది?"

"మైనస్... కాదు కాదు, ప్లస్."

"అదీ! వచ్చేసె కదరా!"

పంకజాక్షి తలుపు తోసింది.

ఆ అమ్మాయిని దగ్గర్నుంచి చూశాక పోల్చుకుంది. ఫ్యాక్టరీలో కాయలు కోసే సువార్తమ్మ కూతురు రెబెకా. చిత్తూరులో డిగ్రీ చదువుతోంది. పంకజాక్షిని చూడగానే ఆ పిల్ల గబుక్కున లేచి, చేతులు కట్టుకుని నిలబడింది. "లోపలికి రాండి" అన్న మాట సగమే బయటికి వచ్చింది.

పంకజాక్షి కొడుకు వైపు తిరిగింది. "ట్యూషన్ కు వస్తా ఉండావా? ఈ మాట చెప్పేదానికి ఏమిరా నీకు?"

లోకేష్ గోడకు ఆనుకుపోయాడు. "తెలిస్తే ఊర్లో నీ పేరు పోతాది కదమ్మా."

ఆమె చూపు నేల మీద తెరిచున్న లెక్కల పుస్తకం మీద పడింది.

"నిన్ను అడగాలంటే భయం. అక్క అరవదు" అన్నాడు వాడు, రెబెకా వెనక్కి జరుగుతూ.

కోపం రావాలి. రాలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే, కొడుకు చెయ్యి జారిపోలేదన్న సంతోషం కూడా వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి వీళ్ళకు కనిపించకుండా వంగి, గోడ పక్కన పెట్టిన పండ్లలో ఒకటి తీసి వాసన చూసింది.

"రేపట్నించి దొంగతనంగా తేవద్దు. నేనే ఏరి ఇస్తా" అంది.

గుమ్మం దాటబోతూ ఆగింది.

"ఎవురన్నా అడిగితే మాత్రం క్రికెట్టనే చెప్పు."

రెబెకా నవ్వు ఆపుకోవడానికి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

పంకజాక్షి ఇల్లు చేరేసరికి, గబుక్కున లేచి చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్లలతో వరండా కిక్కిరిసి ఉంది, వాళ్ళ తలల పైన 'లెక్కల్లో వెనకబడిన వారికి ప్రత్యేక శ్రద్ధ' అంటూ 'పంకజాక్షి మేడం ట్యూషన్ సెంటర్' బోర్డు వెలుగుతోంది.