నీలం మచ్చ

"యమునా, పెళ్ళికొడుకోళ్ళు మళ్ళ ఫోన్ చేసిన్రు. మొఖాలు తెల్లగ రావాలంట," అన్నడు భూపాలన్న. గోదావరిఖనిలో నేను పనిచేసే వీడియో స్టూడియో ఆయనదే. "ఒక్క క్లిప్పుకు ఎఫెక్ట్ పెట్టు, కాపీ కొట్టి అన్నిటికీ పేస్ట్ చెయ్యి. జల్ది కానియ్."

యూట్యూబ్ చూసి నేర్చుకున్న పనే నాది. పెట్టిన. పెళ్ళికూతురు పిండిబొమ్మ లెక్క తేలింది. అన్ని క్లిప్పులూ సెలెక్ట్ చేసి పేస్ట్ కొట్టిన.

అల్లుడి కాళ్ళు కడిగే క్లిప్పు కాడ నా చెయ్యి ఆగింది. పెళ్ళికూతురి తండ్రి నుదుటి మీద నీలం మచ్చ లేదు. బొగ్గుబాయిల పైనుంచి పెళ్ళ పడ్డప్పుడు, గాయంలో బొగ్గుపొడి ఉండంగనే తోలు మూసుకుపోయిన మచ్చ అది. ఏండ్ల కొద్దీ సబ్బు పెట్టి తోమినా పోని మచ్చను నేను ఒక్క మీటతోటి తుడిచేసిన.

ఒళ్ళు మండింది. మళ్ళ అన్ని క్లిప్పులూ సెలెక్ట్ చేసి ఎఫెక్ట్ మొత్తం పీకేసిన. మచ్చ తిరిగొచ్చింది. పెళ్ళికూతురి నలుపూ తిరిగొచ్చింది.

"ఏంది గిది? నౌకరీ వద్దా నీకు?" భూపాలన్న లేచి నిలబడ్డడు. "మీ అత్త అడిగితే నేనేం చెప్పాలె?"

"నువ్వెందుకు చెప్తవన్నా, నేనే చెప్తా. పెళ్ళిచూపులకొచ్చి నా ఈ నల్ల మొఖాన్నే చూసి ఒప్పుకున్నరు. ఈ మచ్చ ఉన్న మా బాపుతోనే కొడుకు కాళ్ళు కడిగించుకున్నరు. ఇప్పుడు టీవీల ఎవలను చూస్తరంట?"